ఏడున్నర నంబరు గ్లౌజులు

ఆ సోమవారం బిలాస్‌పూర్ ఆసుపత్రిలో డాక్టర్ సౌభాగ్య చేయవలసిన పనులు చీటీ మీద ఇలా ఉన్నాయి. ఏడింటికి వార్డు రౌండు, పద్నాలుగు మంది. మూడో మంచం ముసలాయన కాలిపుండుకు కట్టు. తొమ్మిదో మంచం ఆవిడ రక్తపరీక్ష కాగితాలు. రామమోహన్ సార్ కేసులు రెండు, మధ్యాహ్నం. మత్తు డాక్టరుకు ముందే ఫోన్ చెయ్యాలి. నాన్నకు బీపీ మాత్రలు. గ్యాసు బుకింగు. ఆరో నంబరు గ్లౌజుల కోసం స్టోర్సుకు మళ్లీ ఇండెంటు.

చివరి పని ఆమె ఏడాదిగా ప్రతి నెలా చేస్తోంది. స్టోర్సు గుమాస్తా ప్రతి నెలా ఆ కాగితం మూలన సరుకు లేదని హిందీలో 'ఉపలబ్ధ్ నహీ' అని రాసి వెనక్కి పంపుతున్నాడు. ఆ ఆసుపత్రిలో కత్తి పట్టే డాక్టర్లు తొమ్మిది మంది. ఎనిమిది మంది మగవాళ్లు. వాళ్ల చేతులకు ఏడు, ఏడున్నర నంబర్లు చాలు. కాన్పుల విభాగం వేరే భవనం, దాని స్టోర్సు వేరు. ఒకసారి సౌభాగ్య సొంతంగా ఒక డబ్బా కొని తెస్తే, బయటి సరుకు థియేటర్లోకి రాకూడదని తిప్పి పంపేశారు. దాంతో ఆమె ఏడున్నరలే తొడుక్కుంటుంది. ప్రతి వేలి చివరా గోరంత రబ్బరు ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. ముడి వేసే ముందు ఆ ఖాళీని బొటనవేలితో వెనక్కి లాక్కుంటుంది. అలా లాక్కోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఒక్కోసారి ఇంట్లో అన్నం కలిపేటప్పుడు కూడా వేళ్లు వెనక్కి లాక్కుంటుంది.

పదిన్నరకు చీటీలో లేని పని వచ్చింది.

ఊరి శివారు తిఫ్రా నుంచి ఆటోలో ఒక మనిషిని తెచ్చారు. పేరు అప్పలస్వామి. వ్యాగన్లకు రంగులేసే కాంట్రాక్టు పని. తండ్రి రైల్వేలోనే చేసి రిటైరయ్యాడు గానీ ఇతనికి పర్మినెంటు కాలేదు, అందుకని రైల్వే ఆసుపత్రి లేదు. గజ్జల్లో కోడిగుడ్డంత గట్టి వాపు. నిన్న మధ్యాహ్నం నుంచి వాంతులు. సౌభాగ్య చెయ్యి వెయ్యబోతే అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నెమ్మది, మావయ్యా," అంది ఆమె.

తెలుగు వినగానే అతని భార్య మంగాయమ్మ ముందుకు వచ్చింది. "ఏటమ్మా, నువ్వు లోకో షెడ్డు శంకరరావు కూతురివి కాదూ?"

"అవునత్తా."

"ఇన్నావా," అంది మంగాయమ్మ మొగుడితో. "మన గుంటే. ఇంకేటి భయం నీకు."

సౌభాగ్య రామమోహన్‌కు ఫోన్ చేసింది. ఆయన యూనిట్ చీఫ్, హైదరాబాదు వైపు మనిషి, ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. "పేగు చిక్కుకుంది సార్. నల్లబడే ఉంటుంది."

"నువ్వు మొదలుపెట్టమ్మా. నేను పావుగంటలో వస్తా."

ఆయన పావుగంట అంటే గంటన్నర అని థియేటర్లో అందరికీ తెలుసు. జూనియర్ డాక్టరు సెలవులో ఉన్నాడు. అందుకని బల్లకు అవతల నిలబడి సాయం చేసింది థియేటర్ సిస్టర్ నీలవేణి. ఆమెకు యాభై దాటాయి. ఇరవై రెండేళ్లుగా అదే థియేటర్. ఏ డాక్టరుకు ఏ నిమిషంలో ఏ పనిముట్టు కావాలో అడక్కుండా చేతిలో పెడుతుంది.

పేగు జానెడు మేర నల్లబడింది. అంత ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టాలి. అంతకన్నా ముందు ఆ ముక్కకు రక్తం తెచ్చే నాళాలను ఒక్కొక్కటే దారంతో కట్టాలి. మొదటి మూడు ముళ్లూ పైనే పడ్డాయి. నాలుగోది లోతులో. సౌభాగ్య ఎడమ చూపుడువేలితో దారాన్ని లోపలికి నెట్టి బిగించింది. వేలు వెనక్కి తీయబోతే ఏదో సన్నగా లాగింది. అదే క్షణంలో నాళం పక్క నుంచి రక్తం చిమ్మింది.

"కట్ చెయ్యక్కా."

నీలవేణి కత్తెర దించి దారం కత్తిరించింది. వేలు వచ్చేసింది. రక్తం ఆగింది. సౌభాగ్య ఐదో ముడికి వెళ్లింది.

రామమోహన్ వచ్చేసరికి పొట్ట మూయడమే మిగిలింది. ఆయన చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, కుట్టు చూసి తల ఊపాడు. "బాగుంది. గైనిక్‌కి పోవలసిన చెయ్యి ఇటొచ్చింది. మన అదృష్టం." తర్వాత బల్ల దగ్గర కూర్చుని ఆపరేషన్ కాగితం రాశాడు. సర్జన్: డాక్టర్ రామమోహన్. సహాయం: డాక్టర్ సౌభాగ్య. ఎప్పుడూ అలాగే రాస్తాడు. అందులో ఆయనకు తప్పేమీ కనిపించదు.

సౌభాగ్య బక్కెట్టు మీద వంగి గ్లౌజులు లాగేసింది. ఎడమ గ్లౌజు చూపుడువేలికి కొస లేదు. గోరంత మేర, అర్ధచంద్రంలా, శుభ్రంగా తెగిపోయింది. ఆమె తన వేలు చూసుకుంది. గీత కూడా పడలేదు. తల ఎత్తితే నీలవేణి ఆమెనే చూస్తోంది. అటెండరు వచ్చి బక్కెట్టు పక్కకు జరిపాడు. సౌభాగ్య గ్లౌజును దాంట్లో పడేసింది.

వరండాలో రామమోహన్ వెనకే నడిచి చెప్పింది. ఆయన ఆగి, చెప్పిందంతా విన్నాడు.

"నేల మీద పడుంటుంది. ఈపాటికి ఊడ్చేసుంటారు."

"నాలుగో ముడి దగ్గర లాగినట్టయింది సార్."

"అయింది అనిపిస్తుంది. మొదట్లో నాకూ ప్రతి కేసు తర్వాతా ఏదో ఒకటి అనిపించేది. చూడమ్మా, గ్లౌజు సరిపోలేదని రాశావనుకో, గ్లౌజు గురించి ఎవ్వరూ మాట్లాడరు. ఆడవాళ్లకు ఈ పని సరిపోదు అంటారు. నీ తర్వాత వచ్చే అమ్మాయిని కూడా నేను తీసుకోలేను." ఆయన ఆమె భుజం మీద తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సర్జరీ పరీక్ష దగ్గరకొచ్చింది. కేసులయ్యాక ఇంటికెళ్లి పడుకో."

ఆమె వెళ్లి పడుకోలేదు. మధ్యాహ్నం రెండు కేసులూ అయ్యాక వార్డుకే వచ్చింది.

మంగళవారం అప్పలస్వామి బాగానే ఉన్నాడు. సౌభాగ్య పొద్దున ఒకసారి, పదింటికి ఒకసారి, భోజనం ముందు ఒకసారి అతని పొట్ట మీద చెయ్యి వేసింది. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా. వేలితో తట్టి విన్నది. నాడి చూసింది. చార్టులో అంకెలు చూసి, నమ్మకం లేక తనే మళ్లీ థర్మామీటరు పెట్టింది.

"ఇన్నిసార్లు మా ఆవిడ కూడా నన్ను సూడదు పాపా," అన్నాడు అప్పలస్వామి. గొంతు గీరుకుపోతోంది, ముక్కులో గొట్టం ఉంది. "ఏటి, నాకేటైనా అయిపోద్దా?"

"ఏం కాదు మావయ్యా. గ్యాస్ పోయిందా?"

"పోతే సెప్తాను. బ్యాండు కొట్టించి మరీ సెప్తాను."

మంగాయమ్మ నవ్వింది. ఆమె మంచం కింద చాప వేసుకుని ఉంటోంది. ప్రతిసారీ సౌభాగ్య వెళ్లిపోయేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని తన కళ్లకద్దుకునేది. సౌభాగ్య ఆ చెయ్యిని తర్వాత కోటు జేబులో దాచుకునేది. ఎడమ చెయ్యి ఇస్తే కుదరదు కాబట్టి కుడిచెయ్యే ఇచ్చేది.

ఇంట్లో శంకరరావు అడిగాడు, "తిఫ్రా అప్పలస్వామికి నువ్వే సేసినావట కదా. షెడ్డు దగ్గర అందరూ అంటన్నారు. ఆళ్ల నాన్నా నానూ ఒకే గ్యాంగులో ఉండీవోళ్లం."

"సార్ చేశారు నాన్నా. నేను పక్కనున్నాను."

కాగితం మీద ఉన్నదే చెప్పింది. అలా చెప్పడం ఆమెకు మొదటిసారి హాయిగా అనిపించింది. హాయిగా అనిపించిందని తెలిసి కంచం పక్కకు జరిపింది.

బుధవారం సాయంత్రం జ్వరం వచ్చింది. నూటొకటి. రామమోహన్ రౌండులో చూసి, ఊపిరితిత్తుల్లో కఫం అయి ఉంటుందని మందు మార్చాడు. గురువారం పొద్దున నూటరెండు. పొట్ట కొద్దిగా ఉబ్బింది. అప్పలస్వామి జోకులు ఆగిపోయాయి. కళ్లు మూసుకుని నోటితో గాలి పీలుస్తున్నాడు. స్కానింగులో పేగుల మధ్య కొద్దిగా నీరు చేరిందని వచ్చింది. రబ్బరు ముక్క అంత చిన్నది స్కానింగులో కనిపించదని సౌభాగ్యకు తెలుసు.

"ఆపరేషన్ తర్వాత నీరు మామూలే," అన్నాడు రామమోహన్. "రెండు రోజులు చూద్దాం."

"సార్, ఆ ముక్క..."

ఆయన ఫైలు మూశాడు. "సౌభాగ్యా. మళ్లీ తెరిస్తే ఆ మనిషి తట్టుకుంటాడా? నీ అనుమానం తీర్చుకోవడానికి తెరుస్తామా?"

ఆయన చెప్పింది సగం నిజం, అదే చిక్కు. తెరిచి ఏమీ దొరక్కపోతే ఒక మనిషిని ఉత్తపుణ్యానికి రెండోసారి కోసినట్టు. తెరవకుండా ముక్క లోపలే ఉంటే, దాని చుట్టూ చీము పట్టి, కుట్టు విడిపోయి, నాలుగు రోజుల్లో శవం.

ఆ థియేటర్లో 'డాక్టర్స్' అని రాసున్న గది మగవాళ్లది. సౌభాగ్య బట్టలు మార్చుకునేది సిస్టర్ల గదిలో. అక్కడ ఒక ఇనుప బీరువా, ఒక అద్దం, చెప్పుల స్టాండు, కిటికీలో టీ ఫ్లాస్కు. కేసులు ఎవరికి పంచాలి, ఎవరి పేరు ముందు రాయాలి అన్న మాటలు మగవాళ్ల గదిలో జరుగుతాయి కాబట్టి అవి ఆమె చెవిన పడవు. పడేవన్నీ వేరే మాటలు. ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. బల్ల మీద థియేటర్ రిజిస్టరు ఉంది.

ఆమె తలుపు వైపు చూసి రిజిస్టరు తెరిచింది. ఏమీ రాసి ఉండకూడదని మనసులో మొక్కుకుంటూ తెరిచింది. సోమవారం పేజీ. అప్పలస్వామి పేరు. మత్తు ఏ గంటకు ఇచ్చారు, ఎన్ని గుడ్డలు వాడారు, ఎన్ని సూదులు. అన్నిటి కింద నీలవేణి గుండ్రటి హిందీ అక్షరాలు. దారం కత్తిరించేటప్పుడు నా కత్తెరకు గ్లౌజు కొస తెగింది. ముక్క దొరకలేదు. నేల, బక్కెట్టు, గుడ్డలు వెతికాను. సంతకం.

వెనక తలుపు చప్పుడైంది. నీలవేణి టీ గ్లాసులతో లోపలికి వచ్చింది.

"ఎందుకు రాశావక్కా ఇది?"

"జరిగింది గనక రాసినాను."

"ఎవరైనా చూస్తే?"

"సూడాలనే కదా రాయడం." ఆమె గ్లాసు సౌభాగ్య ముందు పెట్టింది. "సార్‌కి ఆ రోజే సెప్పినాను. నేల మీద పడుంటది, ఊడ్సేసుంటారు అన్నారు."

సౌభాగ్య తల ఎత్తింది. "నాకూ అదే చెప్పారు."

"నీకూ అదే మాటా?"

"అదే మాట."

"అచ్ఛా," అంది నీలవేణి. "మాట కూడా మార్సలేదు సూడు. నేల ఊడ్సింది నానే. మోకాళ్ల మీద కూకుని మరీ ఊడ్సినాను. నేల మీద లేదు."

ఇద్దరికీ ఒక్క క్షణం నవ్వు వచ్చింది. వెంటనే పోయింది. సౌభాగ్య ఆ రాత వైపు మళ్లీ చూసింది. తన పేరు ఎక్కడా లేదు. గ్లౌజు ఎవరిదో లేదు. తెగింది నీలవేణి కత్తెరకు. ఆమె లోపల ఏదో ముడి కాస్త వదులైంది. వదులైందని తెలిసి ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. అయినా నోరు ఆగలేదు.

"కొట్టేయొచ్చు కదక్కా. ఇంకా ఎవరూ చూడలేదు. నీకే మంచిది."

నీలవేణి జేబులోంచి పెన్ను తీసింది. మూత తీసి రిజిస్టరు మీద పెట్టింది. "కొట్టు. నాను రాసినాను, నువ్వు కొట్టు. పక్కన సంతకం పెట్టు, కొట్టేసింది ఎవరో తెలవాల కదా."

పెన్ను దొర్లి గ్లాసుకు ఆనుకుని ఆగింది. సౌభాగ్య దాన్ని ముట్టుకోలేదు.

"మూడు రోజులుగా సూస్తన్నాను," అంది నీలవేణి. "నువ్వు ఆ మనిషి పొట్ట మీద సెయ్యి ఏసినప్పుడల్లా నాకు తెలుస్తంది. ఆడు పోయినాక సెప్పీకన్నా ముందే సెప్పరాదా? నా మాటకి ఆళ్లు ఆ మనిషి కడుపు మళ్లీ కొయ్యనిస్తారా? నువ్వు డాక్టరువి."

టీ మీద మీగడ కట్టింది. కింద ఎక్కడో స్ట్రెచరు చక్రాలు గడపకు తగిలాయి. సౌభాగ్య లేచి నిలబడింది.

మంగాయమ్మ వార్డు బయట కుళాయి దగ్గర గంజి కేరేజీ కడుగుతోంది. తను తాగలేకపోయిన గంజి పారబోసి కడుగుతోంది. సౌభాగ్య కుళాయి కట్టేసింది.

"అత్తా, మావయ్య లోపల ఒక రబ్బరు ముక్క ఉండిపోయుంటుంది. ఆపరేషన్ రోజు. నా గ్లౌజుది."

"ఏటి, రబ్బరా?"

"అవును."

"ఎంతుంటాది?"

సౌభాగ్య ఎడమ చూపుడువేలి గోరు చూపించింది. మంగాయమ్మ తడిచేత్తో ఆ వేలు పట్టుకుని, దగ్గరగా తెచ్చుకుని, గోటిని చాలాసేపు చూసింది.

"ఇంతదానికి మనిషి పోతాడా?"

"పోవచ్చు."

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"ఆ రోజే."

"ఆ రోజే," అంది మంగాయమ్మ. వేలు వదల్లేదు. "మరి నాను మూడు రోజులూ నీ సేతికే దండం పెట్టుకుంటన్నాను. నువ్వు పెట్టించుకుంటన్నావు."

"భయమేసింది అత్తా."

"నీకు భయమేసినాది. అచ్ఛా." ఆమె వేలు వదిలేసింది. "నాకు ఎయ్యలేదనుకున్నావేటి? ఇప్పుడేటి సెయ్యాల, సెప్పు."

మళ్లీ తెరవాలని సౌభాగ్య చెప్పింది. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు అని చెప్పింది. తట్టుకోలేకపోవచ్చు అని కూడా చెప్పింది. మంగాయమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుని, సార్ ఎక్కడున్నాడో చూపించమంది.

రామమోహన్ ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. ఆవిడే తెరవమనేసరికి కాదనలేక, లోపల చీము చేరిందేమో చూసి శుభ్రం చేస్తామని మెత్తగా వివరించాడు. సౌభాగ్య వైపు చూడలేదు. ఒప్పుకోలు కాగితం ముందుకు జరిపాడు.

"నాకు సదువు రాదు. సదివి ఇనిపించు," అంది మంగాయమ్మ సౌభాగ్యతో.

సౌభాగ్య హిందీలో చదివి, తెలుగులో చెప్పింది.

"రబ్బరు అని ఎక్కడుంది అందులో?"

"అది మేం లోపల చూశాకే తెలుస్తుందమ్మా," అన్నాడు రామమోహన్.

"తెలిసినాకే రాయండి బాబూ, అప్పుడే ఏలిముద్ర ఏస్తాను. లేదంటే ఇప్పుడే రాయండి, ఇప్పుడే ఏస్తాను."

రామమోహన్ పెన్ను తీయలేదు. సౌభాగ్య తన పెన్ను తీసి, కాగితం అడుగున ఖాళీ చోట రాసింది. గ్లౌజు ముక్క లోపల ఉండిపోయిందన్న అనుమానంతో. రాసి, చదివి వినిపించింది. మంగాయమ్మ ఇంకు పూసిన బొటనవేలు దాని మీదే నొక్కింది, కింద గీత గీసిన చోటు వదిలేసి.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి తెరిచారు. ఈసారి కత్తి రామమోహన్‌ది. సౌభాగ్య అవతల. నీలవేణి బల్ల దగ్గర. గ్లౌజులు ఆ రోజు కూడా ఏడున్నరలే. సౌభాగ్య ప్రతి నిమిషానికీ ఒకసారి వేళ్ల చివరలు చూసుకుంటోంది. కుట్లు విప్పగానే వాసన వచ్చింది. రామమోహన్ చీము పీల్చేశాడు. పేగులు ఒక్కొక్కటే పైకి తీసి చూశాడు. కలిపి కుట్టిన చోటు పట్టి ఉంది. ఇటు చూశాడు, అటు చూశాడు. మత్తు డాక్టరు రక్తపోటు తగ్గుతోందని చెప్పాడు.

"ఏమీ లేదు," అన్నాడు రామమోహన్. "కడిగి మూసేద్దాం."

"సార్, ఇంకా కింద. నాలుగో ముడి."

"రక్తపోటు పడుతోంది, వినలేదా?"

"ఒక్క నిమిషం సార్."

ఆయన చేతులు పైకెత్తాడు. అంటే, నువ్వే చూసుకో అని. సౌభాగ్య చెయ్యి లోపలికి పోనిచ్చింది. మొదటి ముడి, రెండో ముడి, మూడోది. వేలికి మెత్తటి గడ్డ తగిలింది. అది చితికి చీము వచ్చింది. దాని వెనక దారం. దారంలో ఇరుక్కుని ఏదో జారుడుగా. నీలవేణి అడక్కుండానే పొడుగాటి పట్టుకారు ఆమె చేతిలో ఉంది. సౌభాగ్య ఊపిరి బిగబట్టి లాగింది.

లేత పసుపు రంగు రబ్బరు. గోరంత. నీలవేణి చిన్న స్టీలు గిన్నె పట్టుకుంటే దాంట్లో పెట్టింది. మత్తు డాక్టరు ఒక్కడే మెడ చాచి గిన్నెలోకి చూసి, మళ్లీ మీటరు వైపు తిరిగాడు.

అప్పలస్వామికి ఆ రాత్రికి జ్వరం దిగలేదు. శనివారం దిగింది. ఆదివారం గ్యాస్ పోయింది. బ్యాండు లేదు గానీ, పక్క మంచం అతనితో సహా వార్డంతా తెలిసేలా చెప్పాడు. మంగాయమ్మ తనను అత్తా అని సౌభాగ్యను పిలవనిచ్చింది. కానీ ఆమె చెయ్యి మళ్లీ కళ్లకద్దుకోలేదు.

సౌభాగ్య సూపరింటెండెంటు పిలుపు కోసం ఎదురుచూసింది. ఆదివారమంతా ఇంట్లో ఫోన్ మోగినప్పుడల్లా లేచి నిలబడింది. తనను ఏమడుగుతారో, తను ఏం చెప్పాలో, పలకమీద లెక్కలా వేసుకుని చూసుకుంది. పరీక్షకు పంపరు. మూడేళ్ల శిక్షణ పోతుంది. కూతురు సర్జన్ అని షెడ్డు దగ్గర టీ కొట్టు వాడికి సైతం చెప్పుకున్న నాన్న ఇంక ఆ దారిన నడవడు. ఇవన్నీ ఆమె లెక్కలో ఉన్నాయి. ఆమె భయం ఎంత పెద్దదంటే, అందులో ఇంకొక మనిషికి చోటు లేకపోయింది.

సోమవారం పొద్దున సిస్టర్ల గదిలో బట్టలు మార్చుకోవడానికి వెళ్తే, బీరువాలో నీలవేణి అర ఖాళీగా ఉంది. చెప్పులు లేవు. కొత్త సిస్టర్ ఒకామె, పాతికేళ్లుంటాయి, ఫ్లాస్కు మూత ఎలా తీయాలో తెలియక తిప్పుతోంది.

నోటీసు బోర్డు మీద ఆర్డరు ఉంది. థియేటర్ సిస్టర్ తన అజాగ్రత్త వల్ల గ్లౌజు కొస కత్తిరించిందని, ఆ సంగతి రిజిస్టరులో స్వహస్తాలతో ఒప్పుకుందని, అయినా ఏ డాక్టరుకూ తెలియజేయలేదని, అందువల్ల ఆమెను థియేటర్ విధుల నుంచి తప్పించి ఔట్‌పేషెంట్ ఇంజక్షన్ గదికి పంపుతున్నామని. డాక్టర్ రామమోహన్ బృందం సకాలంలో గుర్తించి రోగి ప్రాణం కాపాడిందని. సౌభాగ్య పేరు ఎక్కడా లేదు.

ఆమె నేరుగా రామమోహన్ గదికి వెళ్లింది. ఆయన బల్ల మీద ఆమె పరీక్ష దరఖాస్తు ఉంది.

"ఆవిడ మీకు చెప్పింది సార్. నేనూ చెప్పాను."

"కూర్చో." ఆమె కూర్చోలేదు. "రికార్డులో సర్జన్ నేను. మంగాయమ్మ వేలిముద్ర వేసిన కాగితం ఉంది, దాన్ని మాయం చెయ్యలేను. ఎవరో ఒకరి మీద పడాలి. నా మీద పడితే యూనిట్ పోతుంది. నీ మీద పడితే నువ్వు పోతావు. ఆవిడ జీతం పోలేదు, ఉద్యోగం పోలేదు. గది మారింది, అంతే." ఆయన నిజంగానే అలసిపోయినట్టు కనిపించాడు. "నీ కోసమే చేశానమ్మా. బుధవారం ఆఖరు తేదీ. బుధవారం వచ్చి తీసుకెళ్లు, సంతకం పెట్టి ఉంచుతా."

సౌభాగ్య ఆ సాయంత్రమే ఉత్తరం రాసింది. గ్లౌజు నాది. నాకు ఆ రోజే తెలుసు. నేను డాక్టర్ రామమోహన్ గారికి ఆ రోజే చెప్పాను. నీలవేణి సిస్టర్ కూడా చెప్పారు. నేను మూడు రోజులు రోగికి చెప్పలేదు. అక్షరాలు వణికితే మళ్లీ రాసింది. రాసి, మడిచి, కోటు జేబులో పెట్టుకుంది. సోమవారం అది జేబులోనే ఉంది. మంగళవారం కూడా. మంగళవారం ఆమె సూపరింటెండెంటు గది ముందు నుంచి రెండుసార్లు నడిచింది. తలుపు తెరిచే ఉంది. బుధవారం పదకొండింటికి రామమోహన్ సంతకం పెట్టిన దరఖాస్తు చేతికి వచ్చింది. దాన్ని పోస్టు చేసి రసీదు తీసుకుంది. ఆ తర్వాత ఉత్తరం ఇచ్చింది.

సూపరింటెండెంటు నిలబెట్టే చదివాడు. చదివి సొరుగులో పెట్టాడు. "ఆర్డరు ఎప్పుడో అయిపోయింది బేటీ. ఇంత నిజం నీ దగ్గరుంటే, సోమవారం ఎందుకు తేలేదు?"

ఆ ప్రశ్నకు సమాధానం ఆమె చేతిలోనే ఉంది, పోస్టాఫీసు రసీదు రూపంలో. ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపింది.

ఇంజక్షన్ గది మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. బయట బల్ల మీద ఇరవై మంది కూర్చున్నారు, ఊరవతల మోప్కా నుంచి వచ్చిన ముసలమ్మలు, జ్వరం పిల్లలు. లోపల నీలవేణి ఒక పిల్లవాడి జబ్బ పట్టుకుని, వాడితో ఛత్తీస్‌గఢీలో ఏదో మాట్లాడుతూ, వాడు జవాబు చెప్పేలోపల సూది వేసి తీసేసింది. పిల్లవాడు ఏడవాలో వద్దో తెలియక ఆమె మొహం చూశాడు.

"అక్కా," అంది సౌభాగ్య.

నీలవేణి తల తిప్పలేదు. "సూది కావాలంటే వరసలో కూకో."

"ఉత్తరం ఇచ్చాను. నిజమంతా రాశాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"దరఖాస్తు?"

సౌభాగ్య రసీదు ఉన్న చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. నీలవేణి వాడిన సూదిని డబ్బాలో పడేసి, దూది తడుపుకుంది. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"మంచి పని సేసినావు," అంది. కోపం లేదు ఆ గొంతులో. అదే సౌభాగ్యకు భరించరానిదైంది. "ముందు అది, తరవాత ఇది. నానైనా అదే సేద్దును. ఏడవకు, ఇక్కడ ఏడిస్తే ఈళ్లంతా సూదికి భయపడతారు. ఎల్లు, వార్డులో జనం ఉంటారు." తర్వాత బయటికి కేక వేసింది, "నెక్స్ట్."

అప్పలస్వామి నడిచి ఇంటికి వెళ్లాడు. సౌభాగ్య పరీక్ష రాసింది, పాసయింది. ఇప్పుడు ఆపరేషన్ కాగితం మీద సర్జన్ అన్నచోట ఆమె పేరే ఉంటుంది. ఆ ఉత్తరం ఇంకా సొరుగులోనే ఉంది. ఆమె ఇప్పటికీ ఆ సొరుగు గురించి అడుగుతూనే ఉంది, ప్రతిసారీ కాస్త భయపడుతూనే అడుగుతుంది.

ఇది చదివినవాళ్లకు ఒక మనవి. మీలో ఎవరినైనా ఎప్పుడైనా మత్తు ఇచ్చి బల్ల మీద పడుకోబెడతారు. లేచాక మీరు ఒక డాక్టరు పేరు చెబుతారు, దండం పెడతారు, పెట్టాలి కూడా. అప్పుడు ఇంకొక మనిషిని కూడా తలుచుకోండి. మీరు తెలివితప్పి ఉన్నప్పుడు మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికి, దొరకలేదని తన తప్పుగా రాసి, కింద సంతకం పెట్టిన మనిషిని. ఆమె పేరు నీలవేణి. బిలాస్‌పూర్‌లో, మెట్ల కింద గదిలో, ఇంకా సూదులు వేస్తోంది.